ఏ పనికి ఆ నీళ్లు

పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లలో ‘బండి కడగాలె’ అన్న మాట తరాలుగా వినిపిస్తూనే ఉంది. మాట అలాగే ఉండగా బండి మారింది, కడిగే చోటు మారింది, నీళ్లు మారాయి. ఎడ్లబండికున్న పేరే స్కూటరుకూ ఆటోకూ లారీకీ కారుకూ వచ్చింది. ఎడ్లబండి కాలంలో కడగడమంటే పొద్దువాలే వేళ ఎడ్లను విప్పి చెరువులోకి తోలడం, గడ్డిచుట్టతో వాటి వీపులు రుద్దడం, చక్రాలకు అంటిన బురదను నీళ్ల అంచునే వదిలించుకోవడం. ఇవాళ చిట్కుల్‌లోనో ఇస్నాపూర్‌లోనో కడగడమంటే ఇంటిముందు నిలిపిన కారు మీదికి నల్లా పైపు తిప్పడం. ఎండలు ముదిరి నీటి సరఫరా తగ్గాక ‘తాగునీటితో వాహనాలు కడగొద్దు’ అన్న ప్రకటన వస్తుంది. వినేవాళ్లకు అది ఎక్కడో నగరంలో పుట్టి తమ నెత్తిన పడిన కొత్త కట్టడిలా తోస్తుంది. ఈ ప్రాంతపు నీటి చరిత్రను నెమ్మదిగా చూస్తే మాత్రం సంగతి తిరగబడి కనిపిస్తుంది. తాగే నీళ్లతో బండి కడగడమే ఇక్కడ కొత్త అలవాటు. దాన్ని వద్దనే కట్టుబాటు చాలా పాతది. ఆ పాత కట్టుబాటు ఎలా తెగిపోయిందో తెలిస్తే ఇవాళ్టి ఆంక్షను ఎలా పాటించాలో, ఏ చోట అది చాలదో కూడా తెలుస్తుంది.

పటాన్‌చెరు పేరులోనే చెరువు ఉంది. కళ్యాణి చాళుక్య రాజు రెండో జయసింహుడు పదకొండో శతాబ్దంలో కొంతకాలం పొట్టలకెరె నుంచి పాలించాడు. ఆ పొట్టలకెరెయే నేటి పటాన్‌చెరు అని చరిత్రకారులు గుర్తించారు. కన్నడంలో కెరె అన్నా తెలుగులో చెరువు అన్నా ఒకటే. వెయ్యేళ్ల కిందటే నీటిని బట్టి పేరు పెట్టుకున్న చోటు ఇది. గుట్టల వాలులో పడిన వాన కుంటల్లో ఆగి, కుంట నిండితే మత్తడి దూకి చెరువుకు చేరి, చెరువు నిండితే వాగులో కలిసి, నక్కవాగు మీదుగా మంజీరకు వెళ్లేది. చిట్కుల్ ఆ నక్కవాగు పరివాహకంలోని ఊరు. తెలంగాణలో ఇలాంటి ఊళ్లన్నిటా నీళ్లకు పనిని బట్టి తరగతులుండేవి. తాగడానికి, వండడానికి మంచినీళ్ల బావి. బట్టలకు చాకిరేవు. పశువులకు చెరువు అంచు. గిన్నెలు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు కుడితి గోలెంలోకి. పొలానికి తూము నీళ్లు, ఏ మడికి ఎప్పుడు వదలాలో చూసుకోవడానికి నీరటి. మంచినీళ్ల బావి నుంచి చేది తెచ్చిన నీళ్లతో ఎద్దును కడగాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. అందుకు చట్టమూ జరిమానా అక్కరలేదు. కుండ మోసిన నెత్తికి, చేదతాడు లాగిన చేతికి నీటి విలువ తెలిసేది.

ఇక్కడ ఒక లెక్క మనం తరచూ మరిచిపోతాం. చెరువులో దిగిన ఎద్దు చెరువును తగ్గించదు. దాని ఒంటి మీద నుంచి జారిన నీళ్లు అక్కడే ఉంటాయి, బురద అడుక్కు చేరుతుంది, పేడ చేపలకూ పొలానికీ బలం. మరునాడు అవే నీళ్లు తూము గుండా ఆయకట్టుకు పారతాయి. కడగడం వల్ల ఖర్చయిన నీరు దాదాపు లేనట్టే. అదే పని వాకిట్లో చేస్తే ప్రతి చుక్కా సబ్బుతో, నూనెతో కలిసి మోరీలో పడి పోతుంది. కాబట్టి పాతకాలం వాళ్లు పొదుపరులు, మనం దుబారా మనుషులం అని నేననను. వాళ్లు నీళ్ల దగ్గరికి బండిని తీసుకెళ్లారు. మనం బండి దగ్గరికి నీళ్లను తెచ్చుకున్నాం. ఖర్చులో తేడా అక్కడ పుట్టింది.

ఆ కాలాన్ని పొగుడుతున్నారా అని అడిగే హక్కు ఒక వర్గం పాఠకులకు గట్టిగా ఉంది. నీళ్లను పనిని బట్టి విడదీసిన ఊరే మనుషులను కులాన్ని బట్టీ విడదీసింది. ఊరబావి దళితులకు అందని కాలంలో ‘తాగే నీళ్లు’, ‘వాడుక నీళ్లు’ అన్న తేడా అందరికీ ఒకేలా లేదు. కొందరికి దక్కని మంచినీళ్లను మరికొందరు శుద్ధంగా కాపాడుకోవడం కూడా ఆ కట్టుబాటులో భాగమే. బావుల దగ్గర ఎవరినీ అడ్డుకోకూడదని 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం చెప్పాల్సి వచ్చింది. చెప్పిన తర్వాత కూడా ఊళ్లు వెంటనే మారలేదు. ఈ అభ్యంతరాన్ని పక్కన పెట్టి ముందుకు పోవడం నాకు న్యాయమనిపించదు. వాడకట్టు నల్లా వచ్చాక ఆ అవమానం చాలావరకు తగ్గింది. పైపు నీరు తెచ్చిన మేలు అది, చిన్న మేలు కాదు. కాబట్టి పాత కట్టుబాటులో మనం తిరిగి తెచ్చుకోదగ్గది ఒక్క పాయ మాత్రమే: నీళ్లలో తేడా చూడటం. మనుషుల్లో తేడా చూసే రెండో పాయను తెంపేశాం, అది తెగే ఉండాలి. నిజానికి మంచినీళ్లు అందరికీ హక్కుగా చేరాలంటే వాటిని కడుగుళ్లకు పోనివ్వకపోవడం ఇప్పుడే మరింత అవసరం.

చెరువు నుంచి బండి వాకిట్లోకి ఎందుకు వచ్చింది? మోటారు వచ్చింది కాబట్టి అని తేలిగ్గా చెప్పేయవచ్చు. ఈ ప్రాంతంలో అసలు కారణం వేరే ఉంది. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ మొదలైంది. 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ వచ్చింది. 1973లో పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏర్పడ్డాక పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలలో పారిశ్రామికవాడలు లేచాయి. 1970 పేటెంట్ల చట్టం మందు మీద కాకుండా మందును తయారుచేసే పద్ధతి మీదే పేటెంటు ఇవ్వడంతో, కొత్త పద్ధతుల్లో అవే మందులు చేసే దారి దేశీయ కంపెనీలకు తెరుచుకుంది. బాలానగర్ ఐడీపీఎల్‌లో పని నేర్చిన రసాయన నిపుణులున్న హైదరాబాద్‌కు ఇది కలిసొచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచాక కర్మాగారాల రాక మరింత జోరందుకుంది. వేలమందికి ఉద్యోగాలొచ్చాయి. దేశం నలుమూలల నుంచి కూలీలొచ్చారు. బల్క్ డ్రగ్ యూనిట్ల వ్యర్థజలాలు మాత్రం వాన నీళ్లు నడిచిన దారినే నడిచాయి: కుంట, చెరువు, వాగు.

తర్వాతి చరిత్ర కోర్టు కాగితాల్లో ఉంది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు, ఊళ్ల రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారుతూ 2017 దాకా నడిచింది. వ్యర్థజలాలను ఉమ్మడిగా శుద్ధి చేసేందుకు 1994లో పటాన్‌చెరు ఎన్విరోటెక్ ప్లాంటు మొదలైంది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం, ఆ ప్లాంటు నుంచి శుద్ధయి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. రెండేళ్ల తర్వాతి పరిశోధనలో చెరువుల్లోనే కాక ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు దొరికాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారానికి కాలుష్య సూచిలో 70.07 వేసి, తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. శుద్ధి చేసిన వ్యర్థజలాలను అంబర్‌పేట దాకా మోసే 18 కిలోమీటర్ల పైపు కూడా ఆ ఏడాదుల్లోనే పూర్తయింది. అయినా గండిగూడెం చెరువులోనూ చిట్కుల్ చెరువులోనూ చేపలు గుట్టలుగా చచ్చి తేలిన వార్తలు ఇటీవలి సంవత్సరాల్లోనూ వచ్చాయి. చేప బతకని నీళ్లలోకి ఎద్దును ఎవరు తోలుతారు?

చెరువు పోయాక ఊళ్లకు మిగిలింది దూరం నుంచి వచ్చే పైపు. ప్రభావిత గ్రామాలకు రక్షిత తాగునీరు ఇవ్వాలని కోర్టు చెప్పింది; మంజీర నీళ్లు వచ్చాయి. హైదరాబాద్ నగరం కథా ఇలాగే నడిచింది. 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్ ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చింది. దాన్ని మురికిచేసుకున్న నగరం 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ మీద, తర్వాత హిమాయత్‌సాగర్ మీద ఆధారపడింది. 1965లో మంజీరకు, తొంభైలలో సింగూరుకు, 2004లో కృష్ణకు, 2015లో 186 కిలోమీటర్ల అవతల ఎల్లంపల్లి దగ్గరి గోదావరికి వెళ్లింది. ప్రతిసారీ నీరు మరింత దూరం నుంచి వచ్చింది, ప్రతిసారీ ఒకే పైపులో వచ్చింది. తాగడానికి, స్నానానికి, మరుగుదొడ్డికి, కారుకు ఒకటే నల్లా. పాత ఊరిలో అయిదారు రకాలుగా ఉన్న నీళ్లను పైపు ఒక్క రకం చేసింది. ఆ ఒక్క రకమూ శుద్ధిచేసిన, క్లోరిన్ కలిపిన, కిలోమీటర్ల కొద్దీ మోటార్లు తోడి పంపిన ఖరీదైన నీరు. ఈ అలవాటు ఎవరి బుద్ధిలోపం వల్లా పుట్టలేదు. రెండో రకం నీళ్లను పాడుచేసి, మొదటి రకాన్నే అన్నిటికీ వాడేలా మనల్ని నెట్టిన అభివృద్ధి వల్ల పుట్టింది.

ఆ ఏర్పాటు ఎంత పెళుసో 2015–16లో తేలింది. సింగూరు, మంజీర ఎండిపోయి నగరానికి అక్కడి నుంచి సరఫరా ఆగింది. 29.91 టీఎంసీల సింగూరు జలాశయం పగుళ్లిచ్చిన మట్టిగా మారితే, దాని మీదే ఆధారపడిన సంగారెడ్డి పల్లెలు ట్యాంకర్ల కోసం బిందెలు వరసపెట్టాయి. మిషన్ భగీరథ పథకం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అని లక్ష్యం పెట్టుకుంది. నిమిషానికి 15 లీటర్లు వచ్చే పైపును 20 నిమిషాలు వదిలితే 300 లీటర్లు పోతాయి. ఒక కారు కడుగుడు ముగ్గురు మనుషుల రోజు నీళ్లతో సమానమన్నమాట.

ఆంక్షలు పెట్టిన చోట్లన్నీ ఈ పాత తేడానే వేర్వేరు మాటల్లో మళ్లీ కనుక్కున్నాయి. బ్రిటన్‌లో ‘హోస్‌పైప్ బ్యాన్’ అమల్లో ఉన్నప్పుడు పైపుతో కారు కడగడం తప్పు, బకెట్‌తో కడగడం తప్పు కాదు. 2018లో కేప్‌టౌన్ మనిషికి రోజుకు 50 లీటర్ల హద్దు పెట్టినప్పుడు నగర తాగునీటితో వాహనాలు కడగడాన్ని పూర్తిగా నిషేధించింది. 2020 అక్టోబరులో కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ తాగదగ్గ నీటిని వృథాచేయడం శిక్షార్హమని ఉత్తర్వు ఇచ్చింది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. 2025లో హైదరాబాద్ జలమండలి కూడా తాగునీటితో వాహనాలు కడిగినవారి మీద జరిమానాలు వేసింది. వీటన్నిటి సారం బండి కడగొద్దని కాదు. ధారగా వదలొద్దని, తాగే నీళ్లు ముట్టొద్దని.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. కర్మాగారాలు వాగును పాడుచేస్తే, పొలాలు లక్షల లీటర్లు తాగితే, ఇంటిముందు కారు కడిగినవాడి మీద జరిమానా ఏమిటి? పరిమాణం వరకే చూస్తే ఈ మాట నిజం. ఏ జిల్లాలోనైనా సేద్యం వాడే నీటి ముందు కార్ల వాటా లెక్కకు రాదు. బాధ్యత సంగతి చూసినా, నక్కవాగును పాడుచేసింది బకెట్ పట్టుకున్న ఇల్లాలు కాదు. కారు కడగడం మానితే చెరువు బాగుపడుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. అయితే రెండు ప్రశ్నలను ఒకటి చేయకూడదు. చెరువును ఎవరు పాడుచేశారన్నది ఒక ప్రశ్న. నిండువేసవిలో వాడకట్టు చివరి ఇంటికి నల్లా ధార ఎందుకు చేరడం లేదన్నది ఇంకో ప్రశ్న. పైపులో ఒత్తిడి తగ్గినప్పుడు మొదటి ఇళ్లవాళ్లు మోటారు బిగించి కారు కడిగితే ఎండేది కర్మాగారం నల్లా కాదు, చివరి ఇంటి బిందె. మొదటి ప్రశ్నకు జవాబు కోర్టుల నుంచి, కాలుష్య మండలి నుంచి రావాలి. రెండోదానికి జవాబు ఈ వారమే కావాలి. ఒకటి తేలేదాకా రెండోదాన్ని ఆపడం చివరి ఇంటివాళ్లకు అన్యాయం.

మరి బోరు నీళ్లు వాడవచ్చు కదా? మరో ఊరిలో ఇది మంచి సలహా, పటాన్‌చెరు ప్రాంతంలో మాత్రం ఆలోచించి పాటించాల్సిన సలహా. ఇక్కడి నేల గట్టి గ్రానైటు. నీరు పగుళ్లలో నిలుస్తుంది. ఒకసారి పాడైతే తేలిగ్గా కొట్టుకుపోదు. పారిశ్రామికవాడకు దగ్గరి బోరులో లవణాలు ఎక్కువగా ఉంటే కారు మీద ఆరినచోటల్లా తెల్లటి మచ్చలు పడతాయి, ఎండలో అవి రంగులోకి దిగుతాయి. దానికంటే ముఖ్యం, రంగో వాసనో తేడాగా ఉన్న నీళ్లలో కడిగేవాడి చేతులు గంటసేపు మునిగి ఉంటాయి. అలాంటి నీళ్లను బండికీ వాడకూడదు. ఆర్వో యంత్రం వదిలే నీరు చక్రాలకు, కాలిచాపలకు పనికొస్తుంది. రంగు మీద ఆరనిస్తే దాని లవణాలూ మచ్చ వేస్తాయి.

ఈ ప్రాంతంలో మిగిలిన మంచి రెండో రకం నీరు వాన. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. రెండు బకెట్లతో, అంటే 40 లీటర్లతో కడిగితే పాతిక కడుగుళ్లు. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి చివరి తుడుపుకు అది నల్లా నీటికంటే మేలు. రెండు బకెట్లు ఎందుకంటే, ఒకదానిలో షాంపూ నీళ్లు, ఇంకోదానిలో ఉత్త నీళ్లు. గుడ్డను ప్రతిసారీ ఉత్త నీళ్లలో జాడించి అప్పుడే షాంపూలో ముంచాలి. ఇసుక రెండో బకెట్ అడుగున ఉండిపోతుంది, రంగును గీకదు. నీళ్లు పొదుపు చేస్తున్నామనుకుని పొడిగుడ్డతో దుమ్ము తుడిచేవాళ్లు చాలామంది. జాతీయ రహదారి పక్కన లారీలు లేపే దుమ్ములో సన్నటి రాతిపొడి ఉంటుంది, పొడిగుడ్డ కింద అది గరుకు కాగితంలా పనిచేస్తుంది. ముందు ఒక మగ్గు నీళ్లతో తడిపి నాననివ్వాలి. నీడలో, పైకప్పు నుంచి కిందికి, ఒక్కో పలక చొప్పున కడిగి అక్కడికక్కడే తుడవాలి. చక్రాలకు వేరే గుడ్డ. గిన్నెల సబ్బు, బట్టల పొడి రంగు మీది మైనపు పొరను తీసేస్తాయి, వాటి నురగ వదలడానికి నీళ్లూ ఎక్కువ పడతాయి. చివర బండిని నాలుగడుగులు నడిపి బ్రేకు రెండుసార్లు నొక్కితే డిస్కుల తడి ఆరుతుంది. ఇంజనును కడిగిన జిడ్డు నీళ్లు మాత్రం ఇంటి దగ్గర వదలకూడదు. నూనెను విడదీసే తొట్టి ఉన్న సర్వీసు సెంటర్లోనే ఆ పని చేయించాలి.

చెరువులోకి లారీని, ట్రాక్టరును దించి కడగడం పాత ఆచారమే కదా అనేవాళ్లున్నారు. పైకి అలాగే కనిపిస్తుంది, లోపల సంగతి వేరు. ఎద్దు వదిలింది పేడ, లారీ వదిలేది డీజిల్, గ్రీజు. నూనె నీటి మీద పొరలా పరచుకుని గాలిని లోపలికి పోనివ్వదు. కర్మాగారం చేసిన తప్పును చిన్న కొలతలో మనమూ చేయడమే అది. పాత ఆచారాన్ని కాపాడాలనుకునేవాళ్లు ముందు ఆ చెరువును లారీ నుంచి కాపాడాలి. రహదారి పక్కన కార్ వాష్ షెడ్లు నడుపుకునేవాళ్ల బతుకు గురించి కూడా ఒక మాట చెప్పాలి. జరిమానా వేసి షెడ్డు మూసేయడం తేలిక. వాడిన నీటిని మడ్డి దిగనిచ్చి, వడగట్టి, మళ్లీ మొదటి కడుగుడుకు తిప్పుకునే తొట్టెలు కట్టుకోవడానికి మున్సిపాలిటీ గడువూ సాయమూ ఇస్తే ఉపాధి పోదు, నీళ్లూ మిగులుతాయి.

బండ్లు కడగడానికి మన దగ్గర అన్నిటికంటే పెద్ద రోజు దసరా. ఎడ్లబండి కాలంలో నాగలినీ కొడవలినీ కడిగి పెట్టిన ఆయుధపూజకు ఇప్పుడు పాశమైలారం యంత్రాల నుంచి చిట్కుల్ ఇంటిముందు స్కూటరు దాకా అన్నీ కడిగించుకుని బొట్టు పెట్టించుకుంటాయి. ఆ పండుగ వానాకాలం చివర, చెరువులు నిండి మత్తడి పోసే రోజుల్లో వస్తుంది. దానికి ఒకటి రెండు రోజుల ముందు సద్దుల బతుకమ్మ. ఆడవాళ్లు తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలను ఎత్తుకుని చెరువు అంచుకు వస్తారు, మోకాలి లోతు నీళ్లలో దిగి వాటిని సాగనంపుతారు, ఆ నీళ్లనే దోసిట పట్టి ఒకరి మీద ఒకరు చల్లుకుంటారు. ఒకప్పుడు అవే నీళ్లలో ఎడ్లను కడిగారు.